డయల్ 50 అంది, త్రాసు 62 అంది: ఓ పాత రాకెట్ గట్టింగ్ మిషన్‌ని బాగుచేసిన కథ

ఇక్కడ మీరు మామూలుగా చదివేది ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్‌ల రివ్యూలు. ఈసారి నా దగ్గరికి వచ్చిన గ్యాడ్జెట్‌కి స్క్రీన్ లేదు, బ్యాటరీ లేదు, బ్లూటూత్ లేదు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అనే మాటే లేదు. బరువు మాత్రం ఇద్దరు పట్టుకుంటే గానీ కదలనంత ఉంది. పేరు టెన్నిస్ రాకెట్ స్ట్రింగింగ్ మిషన్. మన దగ్గర ఆటగాళ్లు వాడే మాటలో చెప్పాలంటే గట్టింగ్ మిషన్.

దీన్ని బాగుచేస్తే మా చెల్లి (బాబాయి కూతురు, జూనియర్ టోర్నమెంట్లు ఆడుతుంది) రాకెట్‌కి గట్టింగ్ ఇంట్లోనే అయిపోతుంది కదా అనుకున్నా. బాగుచేశా కూడా. కానీ దాని మీద ఎక్కించిన మొదటి రాకెట్టే పగిలింది. అది చెల్లిదే. మర్నాడు ఉదయం తనకి మ్యాచ్ ఉంది.

కాబట్టి ఇది మిషన్ రివ్యూ ఒక్కటే కాదు. తప్పు ఎక్కడ చేశానో, దాన్ని ఎలా పట్టుకున్నానో, ఇప్పుడు అదే మిషన్‌ని ఎందుకు నమ్ముతున్నానో అన్నీ చెప్తా.

బందరు స్టోర్‌రూమ్‌లో దొరికింది

మేం ఉండేది విజయవాడ కానూరులో. సంక్రాంతికి బందరు వెళ్లినప్పుడు మా మావయ్య ఒక పాత క్లబ్బుకి తీసుకెళ్లాడు. అక్కడ స్టోర్‌రూమ్ ఖాళీ చేస్తున్నారు. విరిగిన కుర్చీలు, చిరిగిన నెట్లు, క్యారమ్ బోర్డుల వెనకాల ఒక ఇనప స్టాండు, దాని మీద గుండ్రంగా తిరిగే బల్లలాంటిది కనబడ్డాయి. పాత సామాన్ల వాడికి కేజీల లెక్కన ఇచ్చేస్తారట. అదే రేటు నేనిస్తానన్నా. ఇచ్చేశారు.

ట్రక్ ఆటోలో వేసుకుని బందరు రోడ్డు మీదుగా పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు దాటి ఇంటికి తెచ్చా. దారిలో ఉయ్యూరు వచ్చినప్పుడు మావయ్య ఆటోలోంచే చెయ్యి చూపించి, "సాకేత్ మైనేని పుట్టింది ఇక్కడేరా" అన్నాడు. నిజమే. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచిన సాకేత్ 1987లో ఉయ్యూరులోనే పుట్టాడు. పెరిగింది విశాఖలో. మన డెల్టా అనగానే చెరకు, వరి, చేపల చెరువులే గుర్తొస్తాయి గానీ, టెన్నిస్‌తో మనకి ఆమాత్రం చుట్టరికం ఉంది.

మిషన్ మీద కంపెనీ నేమ్‌ప్లేట్ ఊడిపోయింది. సముద్రపు గాలికి తుప్పు బాగా పట్టేసింది. మోడల్ ఏదో తేల్చలేను గానీ రకం మాత్రం స్పష్టంగా తెలుస్తోంది. ఇది చేత్తో హ్యాండిల్ తిప్పే క్రాంక్ మిషన్.

అసలు ఇది చేసే పనేంటి?

టెన్నిస్ రాకెట్‌లో నిలువు స్ట్రింగ్స్‌ని మెయిన్స్ అంటారు, అడ్డంగా అల్లేవాటిని క్రాసెస్ అంటారు. ఇవాళ ఎక్కువగా కనిపించే ప్యాటర్న్ 16 మెయిన్స్, 19 క్రాసెస్. దాదాపు 12 మీటర్ల స్ట్రింగ్ పడుతుంది. ఒక్కో వరసని ఒకే బలంతో లాగి, క్లాంప్‌తో పట్టి ఉంచి, తర్వాతి వరసకి వెళ్లాలి. ఆ లాగే బలాన్నే టెన్షన్ అంటారు, పౌండ్లలో చెప్తారు. 50 పౌండ్లంటే దాదాపు 22.7 కేజీలు. టెన్షన్ తగ్గితే బంతి ఎగిరి ఎక్కువ దూరం పోతుంది. పెరిగితే కంట్రోల్ వస్తుంది గానీ చెయ్యి త్వరగా నొప్పెడుతుంది.

మిషన్లు రాకముందు ఈ పనంతా చేతులతోనే. స్ట్రింగ్‌ని ఒక కర్రముక్కకి చుట్టి లాగి, వెనక్కి జారకుండా చెప్పులు కుట్టేవాళ్ల ఆరె లాంటి సూదిని రంధ్రంలో గుచ్చి పట్టేవాళ్లు. తర్వాత యంత్రాలొచ్చాయి. జావెలిన్‌లో 1953లో ప్రపంచ రికార్డు పెట్టిన అమెరికన్ బడ్ హెల్డ్ 1964లో శాన్ డియెగోలో ఎక్టెలాన్ కంపెనీ మొదలుపెట్టింది ఈ గట్టింగ్ మిషన్లతోనే. మైదానంలో ఈటె విసిరినవాడు గ్యారేజీలో గ్యాడ్జెట్ చేశాడన్నమాట.

మొత్తమ్మీద మిషన్లు మూడు రకాలు.

డ్రాప్ వెయిట్: ఒక కడ్డీ మీద బరువు ఉంటుంది. కడ్డీ నేలకి సమాంతరంగా ఆగితే బరువు, దూరం లెక్క ప్రకారం కచ్చితమైన టెన్షన్ వస్తుంది. కడ్డీ 5 డిగ్రీలు వంగి ఆగినా తేడా 0.4 శాతమే. 10 డిగ్రీలు వంగితే 1.5 శాతం, అంటే 50 పౌండ్ల దగ్గర ముప్పావు పౌండు. గురుత్వాకర్షణకి సర్వీసింగ్ అక్కర్లేదు కాబట్టి ఇది పాతబడినా అబద్ధం చెప్పదు. కాకపోతే చాలా స్లో.

క్రాంక్: నాది ఇదే. టెన్షన్ హెడ్ లోపల ఒక స్ప్రింగ్ ఉంటుంది. డయల్ తిప్పితే ఆ స్ప్రింగ్ ముందుగానే కొంత నొక్కుకుంటుంది. హ్యాండిల్ తిప్పుతుంటే స్ట్రింగ్ లాగుడు పెరుగుతుంది, అది స్ప్రింగ్ బలాన్ని దాటగానే 'టక్' మని బ్రేక్ పడి హెడ్ లాక్ అయిపోతుంది. ఆ తర్వాత ఇంక లాగదు. స్ట్రింగ్ కొంచెం సాగితే టెన్షన్ ఆ మేరకు పడిపోతుంది.

ఎలక్ట్రానిక్: మోటారు, సెన్సర్ ఉంటాయి. స్ట్రింగ్ సాగితే మళ్లీ లాగుతూ అదే నంబర్ దగ్గర నిలబెడుతుంది. టోర్నమెంట్లలో వాడేవి ఇవే. ప్రొ మోడల్స్ ధర లక్షల్లో ఉంటుంది.

అందుకే ఒకే నంబర్ పెట్టినా క్రాంక్ మిషన్‌లో బిగించిన రాకెట్ ఎలక్ట్రానిక్ దానికన్నా కొంచెం మెత్తగా వస్తుంది. సాధారణంగా 5 నుంచి 10 శాతం అంటారు. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఆటోనగర్‌లో నాలుగు శనివారాలు

విజయవాడలో పాత ఇనప యంత్రాన్ని బాగుచేయాలంటే యూట్యూబ్ కన్నా ముందు వెళ్లాల్సింది జవహర్ ఆటోనగర్‌కి. లారీ ఇంజన్ నుంచి లేత్ పని దాకా అన్నీ ఒకే చోట. నాకు తెలిసిన లేత్ మేస్త్రి ఒకాయన ఉన్నాడు. మిషన్ చూసి, "ఇదేంటి తమ్ముడూ, చెరకురసం మిషనా?" అన్నాడు.

మొదటి శనివారం అంతా విప్పడమే. ప్రతి స్క్రూకీ ఫొటో తీశా, చిన్న ప్లాస్టిక్ కవర్లలో వేసి నంబర్లు రాశా. ఇక్కడిదాకా మంచి ఇంజనీర్‌లాగే ప్రవర్తించా.

రెండో వారం తుప్పు. విడిభాగాలన్నీ రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టి, పొద్దున్నే ఇత్తడి బ్రష్‌తో రుద్దా. టర్న్‌టేబుల్ కింద బేరింగ్ పూర్తిగా పట్టేసింది. దాని మీద చెక్కిన నంబర్ చూపిస్తే ఆటోనగర్‌లో ఐదు నిమిషాల్లో కొత్తది దొరికింది. క్లాంప్‌ల దవడల్లో ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డుని స్పిరిట్, పాత టూత్‌బ్రష్‌తో తీశా. ఈ దవడలకి నూనె తగలకూడదు, తగిలితే స్ట్రింగ్ జారిపోతుంది.

మూడో వారం స్ప్రింగ్. పాతది వంకర తిరిగి, పైన పెచ్చులుగా తుప్పు పట్టి ఉంది. వెర్నియర్ పెట్టి తీగ మందం కొలిస్తే 4.1 మి.మీ. వచ్చింది. అదే మందంతో, అన్నే చుట్లతో కొత్తది చుట్టించా.

నాలుగో వారం పాలిష్, పెయింట్. టెన్షన్ హెడ్ వెనకాల ఒక నట్టు, దాని మీదుగా బాడీ దాకా పసుపు రంగు గీత ఉన్నాయి. ఎవరో పెయింట్ ఒలకబోసుకున్నారనుకున్నా. ఎమరీ పేపర్‌తో గీకేసి శుభ్రం చేశా.

ఆ గీత సంగతి మర్చిపోకండి.

ఫట్

ఆ శనివారం సాయంత్రం చెల్లి వచ్చింది. తన రాకెట్‌లో స్ట్రింగ్ ముందురోజే తెగింది. ఇచ్చే షాపులో మిషన్ బ్యాడ్మింటన్ కోసం పెట్టింది, టెన్నిస్ రాకెట్ అంటే నాలుగు రోజులు ఆగమంటారు. "అన్నయ్యా, నీ మిషన్ రెడీ అయిందన్నావుగా, వేసెయ్" అంది.

డయల్ 50 మీద పెట్టా. స్ట్రింగ్ పాలియెస్టర్. 1997లో గుస్తావో కుయెర్టెన్ పాలియెస్టర్ స్ట్రింగ్స్‌తో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక ప్రపంచమంతా వీటి వెనక పడింది. బంతికి స్పిన్ బాగా వస్తుంది గానీ ఇవి సాగవు, గట్టిగా ఉంటాయి. అందుకే వీటిని మామూలు నైలాన్ కన్నా కొంచెం తక్కువ టెన్షన్‌లో వేయమంటారు.

మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి మెయిన్స్ లాగుతున్నా. హ్యాండిల్ కొంచెం బరువుగా ఉందనిపించింది. కొత్త స్ప్రింగ్ కదా అనుకున్నా. పదమూడో మెయిన్ లాగుతుంటే రాకెట్ తల దగ్గర 'ఫట్' మని చప్పుడొచ్చింది. పైన పట్టు ఉన్నచోట గ్రాఫైట్ మీద వెంట్రుకంత గీత. చేత్తో నొక్కితే తెరుచుకుంది.

చెల్లి ఏమీ అనలేదు. రాకెట్ తీసి ఒకసారి చూసి, మళ్లీ మిషన్ మీదే పెట్టేసింది. మర్నాడు ఫ్రెండ్ రాకెట్ అడిగి తీసుకుని ఆడింది. గ్రిప్ సైజు వేరు, బ్యాలెన్స్ వేరు. మొదటి రౌండ్‌లోనే ఓడిపోయింది. తన రాకెట్ ఉంటే గెలిచేదా అంటే చెప్పలేం. చెప్పలేకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

డీబగ్గింగ్: బియ్యం కొట్టు రాయి, లగేజ్ త్రాసు

ఆఫీసులో ప్రొడక్షన్ పడిపోతే ముందు ఏం చేస్తాం? ఊహించడం మానేసి లాగ్స్ చూస్తాం. ఇక్కడ లాగ్ అంటే త్రాసు.

ప్రయాణాల్లో బ్యాగు తూచుకునే డిజిటల్ లగేజ్ త్రాసు తీసుకున్నా, 50 కేజీల దాకా చూపించేది. ముందు ఆ త్రాసుని నమ్మొచ్చా లేదా తేల్చుకోవాలి. వీధి చివర బియ్యం కొట్టులో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 20 కేజీల రాయి అడిగి తెచ్చి వేలాడదీశా. 20.0 చూపించింది. త్రాసు ఓకే.

ఇప్పుడు మిషన్. త్రాసు ఒక కొక్కేన్ని టర్న్‌టేబుల్ స్తంభానికి తగిలించి, రెండో వైపు స్ట్రింగ్ ముక్క కట్టి, దాన్ని టెన్షన్ హెడ్ దవడల్లో పెట్టి హ్యాండిల్ తిప్పా. డయల్ 50 దగ్గరే ఉంది. 'టక్' మని లాక్ పడే సమయానికి త్రాసు 28.2 కేజీలు చూపించింది. అంటే 62 పౌండ్లు.

మూడుసార్లు చేశా. మూడుసార్లూ అటూఇటూగా అదే.

లెక్క వేసి చూస్తే గుండె జారింది. 16 మెయిన్స్ పూర్తయ్యాక 50 చొప్పున ఫ్రేమ్ మీద పొడవునా పడే లాగుడు 800 పౌండ్లు, దాదాపు 363 కేజీలు. 62 చొప్పున అయితే 992 పౌండ్లు, 450 కేజీలు. క్రాసెస్ ఇంకా పడలేదు కాబట్టి ఆ భారాన్ని సర్దే బలం అడ్డంగా ఏదీ లేదు. రాకెట్ తల పైనుంచి కిందకి నొక్కుకుపోయి పక్కలకి ఉబ్బాలని చూస్తుంది. దాన్ని ఆపేది పైనా కిందా ఉన్న రెండు పట్లు మాత్రమే.

ఆ పట్లు చెక్క రాకెట్ల కాలానివి. అప్పటి రాకెట్ తల 65 నుంచి 70 చదరపు అంగుళాలుండేది. 1976లో హోవార్డ్ హెడ్ డిజైన్ చేసిన ప్రిన్స్ క్లాసిక్ వచ్చి దాన్ని 110కి పెంచింది. ఇప్పుడు మనం వాడేవి ఎక్కువగా 98, 100. చెల్లిది 100. ఆ పాత పట్లు దీని వంపుకి సరిపోక ఒకే చిన్న చోట ఆనుకున్నాయి. నిజానికి 62 పౌండ్లకే ప్రతి రాకెట్టూ పగలదు. ఎక్కువ టెన్షన్, ఆ ఒక్క చోట పడ్డ ఒత్తిడి, రాకెట్‌కి ఇదివరకే తగిలిన దెబ్బలు, అన్నీ కలిసి పగిలింది.

సరే, 62 ఎలా వచ్చింది?

మార్కర్ తాత

మావయ్యకి ఫోన్ చేస్తే, ఆ మిషన్ వాడిన మార్కర్ ఇంకా బందర్లోనే ఉన్నాడని చెప్పాడు. క్లబ్బుల్లో కోర్టు చూసుకుంటూ, సభ్యులతో ఆడుతూ, రాకెట్లు బాగుచేసే ఆయన్ని మార్కర్ అంటారు. ఆదివారం వెళ్లా. ఆయనకి డెబ్బై దాటాయి. ఫోన్లో మిషన్ ఫొటోలు చూపించా, విప్పకముందువి.

ఆయన ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి నేరుగా ఆ పసుపు గీత దగ్గర ఆగాడు.

"ఇది ఉంచావా బాబూ?"

"గీకేశానండి. పెయింట్ ఒలికిందనుకున్నా."

"ఒలకలేదు. నేనే పెట్టా. స్ప్రింగు నీరసించిపోయింది. యాభై పెడితే నలభై మూడో నలభై నాలుగో వచ్చేది. కొత్తది తెప్పించమంటే డబ్బుల్లేవన్నారు. నట్టు రెండు చుట్లు బిగించా. మళ్లీ జరిగితే తెలియాలని గీత గీశా."

అప్పుడు వెలిగింది. ఆయన చేసింది ఒక ప్యాచ్. పాత స్ప్రింగ్ బలహీనతని నట్టుతో సరిచేసి, పక్కనే కామెంట్ కూడా రాసిపెట్టాడు, పసుపు రంగులో. నేను అసలు సమస్యని తీసేసి కొత్త స్ప్రింగ్ వేశా, ప్యాచ్‌ని మాత్రం అలాగే వదిలేశా, పైగా కామెంట్ చెరిపేశా. రోజూ ఆఫీసులో వేరేవాళ్ల కోడ్ చూసి "ఇది ఎందుకు రాశారో తెలియకుండా ముట్టుకోకు" అని జూనియర్లకి చెప్పేవాడిని నేనే.

రెండో తప్పు మేస్త్రి పట్టాడు. ఆటోనగర్‌కి వెళ్లి కథంతా చెప్తే, ఆయన బల్ల కింద డబ్బాలోంచి నా పాత స్ప్రింగ్ తీశాడు. ఆయన ఏదీ పారేయడు. దాని తుప్పు పూర్తిగా గీకి మళ్లీ వెర్నియర్ పెట్టాడు. 4.0 మి.మీ. నేను కొలిచిన 4.1లో ఆ 0.1 తుప్పు.

0.1 అంటే ఎంతలే అనుకుంటాం. స్ప్రింగ్ బిగువు తీగ మందానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 4.1ని 4.0తో భాగించి నాలుగుసార్లు గుణించండి, 1.10 వస్తుంది. అంటే స్ప్రింగ్ 10 శాతం గట్టిదైపోయింది. బీటెక్‌లో ఈ ఫార్ములా మా మెకానికల్ ఫ్రెండ్స్ చదివారు, నేను చదవలేదు. 50కి పైన వచ్చిన 12 పౌండ్లలో దాదాపు సగం ఆ తుప్పుది, సగం నట్టుది.

రెండో బిల్డ్

ఈసారి మూడు పనులు చేశా.

ఒకటి, సరిగ్గా 4.0 మి.మీ. తీగతో స్ప్రింగ్ మళ్లీ చుట్టించా. మందం తేడా ఉన్న స్ప్రింగ్‌ని నట్టుతో సరిచేయొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. నట్టు ఒక్క నంబర్ దగ్గరే సరిచేస్తుంది. 50 దగ్గర సరిగ్గా కుదిరితే 40 దగ్గర ఒక తేడా, 60 దగ్గర ఇంకో తేడా వస్తాయి. తాతకి అది సరిపోయింది, ఎందుకంటే క్లబ్బులో అందరివీ యాభై చుట్టుపక్కలే.

రెండు, నట్టు రెండు చుట్లు వెనక్కి తిప్పి, డయల్ 40, 45, 50, 55, 60 దగ్గర త్రాసుతో కొలిచా. ఒక్కో నంబర్ దగ్గర మూడేసి రీడింగ్‌లు. నట్టు కొంచెం కొంచెం కదిపి అన్నిచోట్లా తేడా ఒక పౌండు లోపలికి తెచ్చా.

మూడు, పట్లు. ఆటోనగర్‌లోనే నైలాన్ దిమ్మ కోయించి, ఇప్పటి ఫ్రేమ్ వంపుకి సరిపోయేలా వెడల్పైన ప్యాడ్‌లు చేయించా. ఫ్రేమ్ ఇప్పుడు చిన్న చుక్క మీద కాకుండా మూడు వేళ్ల వెడల్పున ఆనుతుంది.

ఆ తర్వాత ముందు నా పాత రాకెట్ మీద రెండుసార్లు వేసి తెంపి చూసుకున్నా. చెల్లికి నా జీతంలోంచి కొత్త రాకెట్ కొన్నా. దాన్ని మిషన్ మీద పెట్టమని తను అడిగేదాకా నేను అడగలేదు. దానికి మూడు వారాలు పట్టింది.

ఫోన్‌తో టెన్షన్ చూడటం

ఈ భాగం మీరు ఏ మిషనూ లేకుండా, టెన్నిస్ అయినా బ్యాడ్మింటన్ అయినా ఇవాళే ట్రై చేయొచ్చు.

స్ట్రింగ్స్‌ని పెన్నుతో తడితే 'టింగ్' మంటుంది. ఆ శబ్దం ఫ్రీక్వెన్సీ టెన్షన్ వర్గమూలంతో పాటు మారుతుంది. మధ్యలో ఉండే రబ్బరు డ్యాంపెనర్ తీసేసి, ఫోన్ దగ్గర పెట్టి, నాలుగైదుసార్లు తట్టి రికార్డ్ చేయండి. ప్లే స్టోర్‌లో దొరికే ఏ స్పెక్ట్రమ్ అనలైజర్ యాప్ అయినా పీక్ ఎక్కడుందో చూపిస్తుంది. నేను పైథాన్‌లో ఇరవై లైన్ల స్క్రిప్ట్ రాసుకున్నా.

ఉదాహరణకి, గట్టింగ్ చేసిన రోజు 560 హెర్ట్జ్ ఉండి, రెండు వారాల తర్వాత 530 వస్తే, 530ని 560తో భాగించి వర్గం చేయండి: 0.896. అంటే టెన్షన్ 10 శాతం పైనే పడిపోయింది. పౌండ్లలో అసలు నంబర్ ఎంతో తెలియకపోయినా ఎంత పడిందో తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. ఫ్రీక్వెన్సీ రాకెట్ తల సైజు మీద, స్ట్రింగ్ బరువు మీద కూడా ఆధారపడుతుంది. అందుకని మీ రాకెట్ నంబర్‌ని పక్కవాడి రాకెట్ నంబర్‌తో పోల్చకండి. అదే రాకెట్, అదే స్ట్రింగ్, నిన్న ఎంత, ఇవాళ ఎంత, అంతే.

ఇంకో మాట. మే నెల బెజవాడ ఎండలో మూసిన కారులో రాకెట్ వదిలేయకండి. వేడికి స్ట్రింగ్ సాగి టెన్షన్ త్వరగా పోతుంది. ముందూ తర్వాతా కొలిస్తే మీకే తెలుస్తుంది.

రోజువారీ వాడకం

మొదట్లో ఒక రాకెట్‌కి రెండున్నర గంటలు పట్టింది, ఇప్పుడు గంటలోపే. కరెంటు పోయినా పని ఆగదు. చప్పుడు కూడా 'టక్ టక్' తప్ప పెద్దగా ఉండదు కాబట్టి రాత్రిపూట అపార్ట్‌మెంట్‌లో ఎవరూ తలుపు కొట్టరు.

తాత చెప్పిన రెండు చిట్కాలు బాగా పనికొచ్చాయి.

హ్యాండిల్ ఎప్పుడూ ఒకే వేగంతో తిప్పాలి. "బావిలో చేద తోడినట్టు బాబూ, కుదుపు రాకూడదు" అన్నాడు. త్రాసు పెట్టి చూశా. గబుక్కున తిప్పితే రీడింగ్ ఒక్కోసారి ఒక్కోలా వచ్చింది, నెమ్మదిగా తిప్పితే నిలకడగా ఉంది.

ముడి వేసే ముందు చివరి వరసకి నాలుగైదు పౌండ్లు పెంచాలి. ముడి బిగుసుకునేటప్పుడు ఆ వరస కొంత వదులైపోతుంది, దానికి ముందే సర్దుబాటు అన్నమాట.

ఇక క్రాంక్ మిషన్ మెత్తదనం సంగతి. చెల్లికి ఇదివరకు వేరేచోట ఎలక్ట్రానిక్ మిషన్ మీద 50 వేయించుకున్న అలవాటు ఉంది. నా మిషన్‌లో అదే 50 వేస్తే, "బంతి కొంచెం ఎక్కువ ఎగురుతోంది అన్నయ్యా" అంది. 53కి పెంచితే కుదిరింది. అంటే నంబర్ అనేది మిషన్‌తో కలిపి చెప్పాల్సిన మాట. ఫోన్ బ్రాండ్లు చెప్పే ఎమ్‌ఏహెచ్ చూసి బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందో తేల్చలేం కదా, ఇదీ అంతే.

వెర్డిక్ట్

నచ్చినవి
- కరెంటు అక్కర్లేదు, ప్రతి భాగం విప్పి బాగుచేసుకోవచ్చు
- విడిభాగాలు కంపెనీ ఇవ్వకపోయినా ఆటోనగర్ ఇస్తుంది
- ఒకసారి సరిచేస్తే ప్రతిసారీ ఒకేలా లాగుతుంది

నచ్చనివి
- బరువు, చోటు ఎక్కువ
- డయల్ నంబర్‌ని గుడ్డిగా నమ్మలేం, నెలకోసారి త్రాసుతో చెక్ చేయాలి
- పాత పట్లు ఇప్పటి ఫ్రేమ్‌లకి ప్రమాదం

ఎవరు తీసుకోవచ్చు? ఇంట్లో వారానికి ఒకటి రెండు రాకెట్ల పని ఉండి, చేతులకి జిడ్డు అంటితే ఫరవాలేదనుకునేవాళ్లు. కేవలం డబ్బు ఆదా కోసమైతే కొత్త డ్రాప్ వెయిట్ మిషన్ మేలు. స్లో అయినా, స్ప్రింగ్ తలనొప్పి ఉండదు.

మీకు ఎక్కడైనా పాత మిషన్ దొరికితే, అది గట్టింగ్ మిషనే కానక్కర్లేదు, కుట్టు మిషన్ అయినా రేడియో అయినా సరే, విప్పకముందు దాని మీదున్న ప్రతి గీతనీ చుక్కనీ పెన్సిల్ రాతనీ ఫొటో తీయండి. వీలైతే దాన్ని చివరగా వాడిన మనిషి ఎవరో కనుక్కోండి. ఒక్క ఫోన్ కాల్ ముందే చేసి ఉంటే నాకు ఒక రాకెట్, మా చెల్లికి ఒక మ్యాచ్ మిగిలేవి.

ఇప్పుడు మా మిషన్ టెన్షన్ హెడ్ మీద నట్టుకీ బాడీకీ కలిపి మళ్లీ పసుపు గీత ఉంది. పక్కన చిన్న స్టిక్కర్: స్ప్రింగ్ 4.0 మి.మీ., డయల్ 50 అంటే త్రాసు 22.7 కేజీలు, కొలిచిన తేదీ. చెల్లి ఆ తేదీ చూడకుండా రాకెట్ ఇవ్వట్లేదు. నెల దాటితే ముందు త్రాసు తెచ్చి పెడుతుంది.